పిన్నిగారు నా తరఫున ఇచ్చిన మాట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ కనిపించినవాళ్ళందరికీ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ కోపాన్ని ఏళ్ళ తరబడి, రోజూ సాయంత్రం, చేతిలో కాఫీ గ్లాసుతో కులాసాగా భరించిన మనిషి ఒకావిడ ఉంది. గుడివాడలో నేను అద్దెకున్న ఇంటావిడ.

తొంభైల మధ్యలో గుడివాడలో సిస్టర్లు నడిపే ఒక స్కూల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఊరు బందరు. చిలకలపూడిలో మా నాన్న రోల్డుగోల్డు గాజులకి పూత వేసేవాడు. రోజూ బందరు నుంచి బస్సులో వెళ్ళిరావడం నా వల్ల కాదని తేలాక, నాన్న నన్నూ, ఒక ట్రంకు పెట్టెనూ, పాత చీరలో చుట్టిన మరియమ్మ స్వరూపాన్నీ తీసుకొచ్చి ఆ ఇంటి వెనక వాటాలో దింపాడు. పెట్టె తెరవకముందే స్వరూపాన్ని గూట్లో పెట్టాం. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న ఇంటావిడ అక్కడే మొదలెట్టింది.

“మీరు కిరస్తానం వాళ్ళన్నారు. మరి పిల్లకి బొట్టుంది, తల్లో పూలున్నాయి, చేతులకి గాజులున్నాయి. ఇదెట్లా?”

“మేం ఆర్సీఎం అండీ,” అన్నాను.

“అంటే?”

“క్రైస్తవుల్లోనేనండీ. కతోలికులు అంటారు. బొట్టూ పూలూ మాకు అడ్డు లేవు.”

“ఓహో! మాలో శైవులూ వైష్ణవులూ ఉన్నట్టా?”

అట్లా కాదండీ అనబోయాను. నాన్న నా కాలు తొక్కాడు. అద్దెకి ఇల్లు దొరకడం కష్టంగా ఉన్న రోజులు. “అట్లాగే అనుకోండమ్మా,” అన్నాడు. నాన్న బస్సెక్కి వెళ్ళిపోయాక నేను మళ్ళీ ముందు వాటాకి వెళ్ళి, అట్లా కాదని విడమర్చి చెప్పి వచ్చాను. చెప్పకుండా ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆవిడ అంతా విని, “సర్లే, రేపు మిగతాది చెబుదువుగాని,” అంది. అట్లా మొదలైంది మా బడి.

ఆవిడ పుట్టిల్లు తోట్లవల్లూరు, మెట్టినిల్లు గుడివాడ. పొలం, రెండు గేదెలు, పామర్రులో ఎరువుల కొట్టు పెట్టుకున్న ఒక్క కొడుకు. ఆవిణ్ణి పిన్నిగారూ అనీ, ఆవిడ భర్తని బాబాయిగారూ అనీ పిలవడం నాకు మొదటి వారంలోనే అలవాటైపోయింది. బాబాయిగారు అరుగు మీద పేపరు చదువుకునేవారు. నేను స్కూలు నుంచి రాగానే పిన్నిగారు కాఫీ తెచ్చేది, వెనకే ప్రశ్న వచ్చేది. “పోనీలేవే, పిల్లని ముందు తాగనివ్వు,” అనేవారు ఆయన. ఆవిడ వినేది కాదు.

“అమ్మాయ్, మీవాళ్ళు మా విగ్రహాలకి దణ్ణం పెడితే తప్పంటారు. మరి నువ్వు గూట్లో ఆ బొమ్మ పెట్టుకున్నావేం?”

“అట్లా అనేది సంఘాల వాళ్ళండీ, మేం కాదు.” మా వైపు మరియమ్మనీ స్వరూపాలనీ పెట్టుకోని క్రైస్తవుల్ని సంఘం వాళ్ళని అనేవాళ్ళం. “మేం బొమ్మని దేవుడనుకోమండీ. చూస్తే మనసు దేవుడి మీదికి పోతుందని పెట్టుకుంటాం. మీ అత్తగారి ఫొటోకి దండేశారు కదా, ఆ ఫొటోని అత్తగారనుకుంటారా ఏంటి?”

“ఛ ఛ! అత్తగారనుకుంటే దండెందుకేస్తాను?”

బాబాయిగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఫొటోలో ఉన్నావిడ ఆయన తల్లి మరి. పేపరు చాలాసేపు ఊగుతూనే ఉంది.

ఇంకోరోజు మరియమ్మ సంగతి. ఆవిడ దేవతా అని అడిగింది పిన్నిగారు. కాదండీ, యేసుకి అమ్మ అన్నాను. దేవత కానప్పుడు ఆవిడతో పనేంటి అంది. నాకు చిర్రెత్తింది. “మీ అబ్బాయి దగ్గర అరువు ఎరువు కావాలంటే ఊళ్ళో రైతులు ముందు ఎవరి దగ్గరికొస్తారు?” అన్నాను.

“నా దగ్గరికే. వాడు నా మాట కాదనడు.”

“మీరు ఎరువిస్తారా?”

“నేనెక్కడిస్తాను? ఇచ్చేది వాడే. నేను ఓ మాట చెప్తానంతే.”

“అదేనండీ మరియమ్మ.”

పిన్నిగారు గ్లాసు పక్కన పెట్టి కాసేపు గూటివైపు చూసింది. “ఇంత చిన్న సంగతికి లోకమంతా ఎందుకమ్మా కొట్టుకుంటారు?” అంది. ఎరువుల కొట్టు పోలిక పూర్తిగా సరిపోదని నాకు తెలుసు. ఆ ఆదివారం మా ఫాదర్‌గారికి చెప్తే ఆయన కడుపు పట్టుకుని నవ్వి, సరిపోకపోయినా దగ్గర్లోనే ఉందమ్మా అన్నారు.

ఈస్టరుకి ముందొచ్చే తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడు పొద్దున్నే పూజకి వెళ్ళి, నుదుట బూడిదతో ఇంటికొచ్చాను. గేటు దగ్గరే పట్టుకుంది. “ఏమ్మాయ్, శివాలయానికి వెళ్ళొచ్చావా?”

“మా గుడి నుంచేనండీ.”

“ఏవండోయ్! వీళ్ళకీ విభూతుందంట, చూడండి!” అని కేకేసింది. నేను వీధిలో నిలబడే మొదలుపెట్టాను. కిందటేడు మట్టల ఆదివారం నాడు చేతుల్లో పట్టుకున్న కొబ్బరాకుల్ని కాల్చి ఈ బూడిద చేస్తారనీ, ఎంత మిడిసిపడ్డా ఒకరోజు మట్టిలో కలిసిపోయేవాళ్ళమే అని గుర్తు చెయ్యడానికి పెడతారనీ చెప్పాను. బాబాయిగారు శ్రద్ధగా విన్నారు. “రోజూ పొలం వెళ్ళేవాడికి అది గుర్తు చెయ్యక్కర్లేదమ్మా,” అన్నారు. ఆయన నా మతం గురించి అన్నది ఆ ఒక్కమాటే.

పాపసంకీర్తనం అంటే ఏమిటో తెలిసిన రోజు మాత్రం పిన్నిగారు దాదాపు కుర్చీలోంచి జారిపోయింది. “చేసిన తప్పులన్నీ ఆ ఫాదరుకి నీ నోటితో చెప్తావా? అన్నీనా?”

“అన్నీనండీ. మన్నించేది దేవుడే. కానీ నోరు తెరిచి ఒక మనిషి ముందు చెప్తే గానీ తప్పు తప్పని మనకి తెలియదు.”

“ఆయన బయట చెప్పడూ?”

“ప్రాణం పోయినా చెప్పరు. చెప్పకూడదు.”

ఆవిడ మళ్ళీ కుర్చీలో సర్దుకు కూర్చుంది. “పెళ్ళాం లేదుగా. అందుకే చెప్పడు,” అంది.

ఫాదర్లు పెళ్ళెందుకు చేసుకోరన్నది మర్నాటి ప్రశ్న అవుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. దానికి జవాబు ఆవిడే తేల్చేసుకుంది కాబట్టి మళ్ళీ అడగలేదు. దేవుడికీ జనానికీ పూర్తిగా అంకితమవడం గురించి నేను చెప్పబోతే, “అదీ నిజమేలే,” అని నా మాటని పక్కన కూర్చోబెట్టింది.

అన్ని రోజులూ ఒక్కలా ఉండవు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వచ్చి, చచ్చిపోయినవాళ్ళ కోసం పూజలెందుకు పెట్టిస్తారని అడిగిందోసారి. “మీకు వేరే పని లేదా పిన్నిగారూ!” అని కసిరాను. “లేదు,” అని అక్కడే చాప మీద కూర్చుంది. చేసేదేముంది! పేపర్లు పక్కన పెట్టి ఉత్తరించు స్థలం గురించి చెప్పాను. దేవుడింటికి పిలుపొచ్చినా, ఒంటికంటిన మురికి పోగొట్టుకుని లోపలికి వెళ్ళాలి కదా, అది కడుక్కునే చోటు అన్నాను. ఆవిడ అంతా విని, వెళ్తూ వెళ్తూ నా పేపర్ల మీద గాలికి ఎగరకుండా రుబ్బురోలు పొత్రం తెచ్చి పెట్టింది.

ఇట్లా విని విని, మెల్లగా ఆవిడే జవాబులు చెప్పడం మొదలెట్టింది. కూరగాయలమ్మికి, చాకలామెకి, వీధిలో కరపత్రాలు పంచుకుంటూ వచ్చిన సంఘం ఆడవాళ్ళకి. నేను లోపలుండగానే గేటు దగ్గర్నుంచి వినపడేది: “ఆవిడ దేవత కాదండీ, అమ్మ. మనకోసం సిఫార్సు చేస్తుందంతే.” నేను పరిగెత్తుకెళ్ళి, “సిఫార్సు అనకండి పిన్నిగారూ, ప్రార్థన అనండి,” అనేదాన్ని. “రెండూ ఒకటేలే, నువ్వు లోపలికెళ్ళు,” అనేది.

ఆ రోజుల్లోనే బస్సులో ఆ అబ్బాయి కలిశాడు. శనివారం సాయంత్రం నేను బందరు బస్సెక్కితే, అతను పెడనలో ఎక్కేవాడు. కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువుల మీద టెక్నీషియను. బందరులో బస్సు మారి అవనిగడ్డ వెళ్ళేవాడు. ఒకసారి పక్క సీటు దొరికింది. నా చేతిలో జపమాల చూసి, నోరు తెరిచి మొట్టమొదట అడిగిన మాట ఇది: “మీ ఆర్సీఎం వాళ్ళు బైబిలు గ్రంథం చదవరంట కదండీ?”

వారమంతా పిన్నిగారికి జవాబులు చెప్పి ఉన్నాను. బస్సులో కూడానా! “ప్రతి ఆదివారం పూజలో పాత ఒడంబడిక, కీర్తన, లేఖ, సువార్త, నాలుగూ చదువుతారండీ. వరసగా వెళ్తే ముఖ్యమైనదంతా చెవిన పడుతుంది. మీరు వరసగా వెళ్తున్నారా మీ సంఘానికి?”

“లేదండీ. ఆదివారం తెల్లారకుండానే తిరిగెళ్ళి చెరువులో మేత వెయ్యాలి.”

“అయితే నన్నడక్కండి.”

అతను నవ్వాడు. తిట్టించుకుని అంత హాయిగా నవ్వే మగవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. తర్వాతి శనివారం సీటు ఆపి ఉంచాను. అంతకంటే ఏం చెప్పను, నచ్చాడు. బాగా నచ్చాడు.

తనకి చిన్నప్పుడే తండ్రి పోతే పెదనాన్న పెంచాడట. అవనిగడ్డ దగ్గర అరటితోట ఉన్న రైతు, వాళ్ళ సంఘంలో పెద్ద. “ఆయన కాదంటే నీ మీద ఇష్టం పోతుందనుకోకు,” అన్నాడు ఒకరోజు. “కానీ ఆయన్ని ఏడిపించి పెళ్ళి చేసుకోలేను. ఆయన అవునంటేనే.” నాకు కోపం రాలేదు. పెంచిన చెయ్యిని తోసెయ్యని మనిషి నాకూ కావాలి. అట్లా మా పెళ్ళి ఆ పెదనాన్న నోటి మాట మీద ఆగింది.

పెళ్ళిచూపులు మా ఇంట్లో పెడదామన్నాడు నాన్న. చిలకలపూడిలో మాది ఒకటే గది, గది నిండా పూత ద్రావకాల ఘాటు. “ఆ వాసనకి వచ్చినవాళ్ళు పారిపోతారు. మా హాల్లో పెట్టండి,” అంది పిన్నిగారు. సున్నుండలు తనే చేసింది. నాన్న బందరు లడ్డూ తెచ్చాడు. అమ్మ నాకు పూలు పెడుతూ చెవిలో ఒక్కటే చెప్పింది. “నోరు తెరిచావో, నా మీద ఒట్టే.”

పెదనాన్నగారు తెల్ల పంచెలో, భుజాన కండువాతో వచ్చారు. మంచి మొహం. నా చదువు అడిగారు, బాగుందమ్మా అన్నారు. పాట పాడమనలేదు, వంటొచ్చా అనలేదు. మా నాన్న వైపు తిరిగి, “ఏమీ అనుకోకండి బావగారూ, మనసులో ఉన్నది అడిగేస్తాను,” అన్నారు. “మీరు మరియమ్మకి మొక్కుతారు కదా. దేవుడికి ఇవ్వాల్సింది ఆవిడకివ్వడం తప్పు కాదంటారా?”

నాన్న జీవితమంతా విశ్వాసంతో బతికాడు గానీ దాన్ని మాటల్లో పెట్టాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. “అంటే... మా పెద్దలు...” అని, పూత పట్టి నల్లబడ్డ వేళ్ళు చూసుకున్నాడు. నా నాలుక చివర జవాబు ఎగురుతోంది. అమ్మ వెనకనుంచి నా నడుం గిల్లి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు సున్నుండల పళ్ళెంతో పిన్నిగారు వచ్చింది. “మొక్కడం కాదండీ అన్నయ్యగారూ, అడగడం. మాకోసం కూడా ప్రార్థన చెయ్యమ్మా అంటారు, అంతే. మీ సంఘంలో ఒకరి కోసం ఒకరు ప్రార్థన చెయ్యరా?”

“చేస్తామమ్మా.”

“మరి! మీరు పక్కింటివాళ్ళని అడుగుతారు. వీళ్ళు పైనున్నవాళ్ళని కూడా అడుగుతారు.”

పెదనాన్నగారు సర్దుకుని కూర్చున్నారు. స్వరూపాల గురించి అడిగారు, అత్తగారి ఫొటో వచ్చింది. పాపసంకీర్తనం గురించి అడిగారు, నోరు తెరిచి చెప్తే గానీ తప్పు తప్పని తెలియదన్న మాట వచ్చింది. పెళ్ళాం సంగతి ఎక్కడ ఎత్తుతుందోనని భయపడ్డాను. అదృష్టం, ఎత్తలేదు.

“చనిపోయినవాళ్ళ సంగతి చనిపోయినప్పుడే తేలిపోయింది కదమ్మా. ఇంక వాళ్ళకోసం ప్రార్థన దేనికి?”

“తేలిపోయిందండీ, ఇంట్లోకి రానిస్తారని తేలింది. కానీ పొలం నుంచి వచ్చినవాడు బురద కాళ్ళతో నట్టింట్లోకి వస్తాడా? బయట కడుక్కుంటాడు. కడుక్కునేటప్పుడు మనం చెంబుతో నీళ్ళు పొయ్యమూ? అదే ఆ ప్రార్థన.”

ఆ చెంబు నేను చెప్పింది కాదు. అది పిన్నిగారిదే. తర్వాత ఎన్నో ఏళ్ళు మా గుడిలో పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పేటప్పుడు నేను ఆ చెంబునే వాడుకున్నాను.

పెదనాన్నగారు ఇంక ఉండబట్టలేకపోయారు. “అమ్మా, మీరూ ఆర్సీఎం వాళ్ళేనా?”

“అబ్బే, మాది వెంకటేశ్వరస్వామండీ!”

హాలంతా గొల్లుమంది. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. అబ్బాయి నావైపు చూసి నవ్వాడు. అమ్మ నా నడుం వదిలేసింది. పెళ్ళి కుదిరిపోయిందనే అనుకున్నాను.

నవ్వులు సద్దుమణిగాక ఆయన నెమ్మదిగా అడిగారు. “ఇవన్నీ ఎట్లా ఉన్నా సరే. పెళ్ళయ్యాక అమ్మాయి మా సంఘానికి వచ్చేస్తుంది కదా? నాకు అదొక్కటే కావాలి.”

నాన్న నావైపు చూశాడు. నేను ఊపిరి తీసుకునేలోపు పిన్నిగారు అందుకుంది. “రాకేం చేస్తుందండీ! ఆడపిల్ల మెట్టినింటి దేవుణ్ణేగా కొలిచేది. తోట్లవల్లూరులో మా పుట్టింట్లో నరసింహస్వామి. ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజునుంచీ నాకు వెంకటేశ్వరస్వామే. ఇది లోకంలో ఉన్నదే. మీరేం బెంగపెట్టుకోకండి.”

“మాట ఇచ్చినట్టేనా చెల్లెమ్మా?”

“ఇచ్చినట్టే అన్నయ్యగారూ.”

ఆవిడ తప్పు లేదు. అన్నేళ్ళు అన్ని ప్రశ్నలడిగిన మనిషి ఈ ఒక్కటి నన్ను అడగలేదు. అడగాల్సిన సంగతని ఆవిడకి తట్టనే లేదు. పెళ్ళితో పాటు ఇంటిపేరు మారినట్టే ఇంటి దేవుడూ మారడం ఆవిడ పుట్టి పెరిగిన చోట మామూలు విషయం. పెదనాన్నగారు తృప్తిగా సున్నుండ అందుకున్నారు. ఊరుకుంటే చాలు, నా పెళ్ళయిపోతుంది. అబ్బాయి నావైపే చూస్తున్నాడు. నేను ఊరుకోనని అతనికి తెలుసు.

అమ్మ మీద ఒట్టు అక్కడే పోయింది. “లేదండీ,” అన్నాను. “పిన్నిగారు నామీద ప్రేమకొద్దీ అన్నారు. నేను మాత్రం మా గుడి మానలేను. మీ అబ్బాయిని సంఘం మానమని నేనడగను. మీ ఇంట్లో మీతో కలిసి ప్రార్థన చేస్తాను, మీ పాటలన్నీ నేర్చుకుంటాను. ఆదివారం పూజ మాత్రం నాకు కావాలండీ.”

“ఒకే ఇంట్లో రెండు దారులు ఎట్లా కుదురుతాయమ్మా?”

“యేసు ఒక్కడేగా అండీ.”

“ఒక్కడే. అందుకే అందరం ఒకే చోటికి వెళ్దామంటున్నాను.”

ఆ మాటలో పొగరు లేదు. ఆయన సున్నుండ పళ్ళెంలో పెట్టేసి లేచారు. “అబద్ధం చెప్పి మా ఇంటికి రాకుండా నిజం చెప్పావు, సంతోషం తల్లీ. ఈ సంబంధం మాత్రం నేను ఖాయం చెయ్యలేను,” అన్నారు. అబ్బాయి ఆయన వెనకే వెళ్ళాడు. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు. ఏడుపు కనపడకూడదని నేను మొహం తిప్పుకున్నాను.

తర్వాత అమ్మ తిట్టిన తిట్లు రాస్తే చాలా పేజీలవుతాయి. నాన్న బస్సెక్కేముందు నా తల మీద చెయ్యి పెట్టి, “నేను చెప్పాల్సింది నువ్వు చెప్పావు,” అని మాత్రం అన్నాడు. పిన్నిగారు సున్నుండల పళ్ళెం ముందు అట్లాగే కూర్చుంది. “నా మాట తీసి గట్టున పెట్టావు కదే,” అంది.

ఆ వారమంతా కాఫీ వచ్చింది గానీ ప్రశ్న రాలేదు. బాబాయిగారు ఆవిడ వైపూ నా వైపూ చూసి పేపరు మడిచేవారు. విసుక్కున్నానే గానీ, ఆ ప్రశ్నలు లేకపోతే సాయంత్రం ఎంత బోసిగా ఉంటుందో నాకప్పుడు తెలిసొచ్చింది. శనివారం బస్సులో పక్క సీటు ఆపాను. పెడనలో ఎవరో చీరల మూట పెట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాతి శనివారమూ అతను ఎక్కలేదు. చెరువులో రొయ్యల పట్టుబడి ఉందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మలేదు.

చివరికి ఒక సాయంత్రం పిన్నిగారు నా గదిలోకొచ్చి చాప మీద కూర్చుంది. “ఒక్కటి అడుగుతాను. ఆ అబ్బాయంటే నీకు ఇష్టమేనా?”

“ఇష్టమే పిన్నిగారూ. చాలా ఇష్టం.”

“మరి ఏదో ఒక గుడికెళ్తే ఏం పోయిందే? అంత ఇష్టమున్నదానివి!”

“వెళ్తే వెళ్ళచ్చు. కానీ ఇష్టమైంది ఒకటి అతని కోసం వదులుకుని వెళ్ళానంటే, రోజూ అతన్ని దెప్పుతాను. నా నోరు మీకు తెలియదా? మా పూజ, మా మరియమ్మ, ఇవి నేను పుట్టినప్పట్నుంచీ ఉన్నాయండీ. అవి తీసేస్తే ఆ అబ్బాయికి నచ్చిన నేను అక్కడ ఉండను.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. గూటివైపు చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

సోమవారం నేను స్కూలు నుంచి వచ్చేసరికి ముందు వాటాకి తాళం. బాబాయిగారు అరుగు మీద తనే కాచుకున్న కాఫీతో కూర్చుని ఉన్నారు, నాక్కూడా ఒక గ్లాసు పెట్టి. “మీ పిన్ని పొద్దున్నే బస్సెక్కింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. నా కాఫీ తాగు, పంచదార ఎక్కువైంది,” అన్నారు. చీకటి పడే వేళకి ఆవిడ పెద్ద అరటి గెలతో రిక్షా దిగింది. ఏంటి పిన్నిగారూ అంటే, “నా పనేదో నేను చూసుకొచ్చా. నీకెందుకు?” అని కసిరింది. ఆవిడ నన్ను కసరడం అదే మొదలు. గెలలోంచి ఒక అత్తం కోసి నా చేతిలో పెట్టింది.

ఆ శనివారం పెడనలో అతను ఎక్కాడు. సీటులో ఉన్న నా సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “పెదనాన్న ఒప్పుకున్నాడు,” అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. మీ ఇంటావిడ వచ్చింది అన్నాడు. అప్పుడు ఒక్కొక్కటే చెప్పాడు. చెరువు పట్టుబడి అయిపోయి అతను ఆరోజు ఇంట్లోనే ఉన్నాడట. పిన్నిగారు అరటితోటలోకి నేరుగా వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా, ఆరోజు తనిచ్చిన మాట చెల్లదని చెప్పిందట.

“మీ మతం కాదు, మీ కడుపున పుట్టిన పిల్లా కాదు. ఇందులో మీకెందుకమ్మా ఇంత బాధ?” అని అడిగారట పెదనాన్నగారు.

పిన్నిగారు ఏడ్చేసిందట. “ఇన్నేళ్ళుగా ఆ పిల్లని నేను అడగని ప్రశ్న లేదండీ. అన్నిటికీ చెప్పింది. విసుక్కుని చెప్పింది, కోప్పడి చెప్పింది, పరీక్ష పేపర్లు పక్కన పెట్టి చెప్పింది. ఒక్కనాడు, ఒక్కనాడు కూడా, పిన్నిగారూ మీ స్వామిని వదిలేసి మా గుడికి రండి అన్లేదండీ. నా స్వామిని నాకుంచిన పిల్ల అది. దాని దేవుణ్ణి అది వదిలేస్తుందని నేను మీకు మాటిచ్చేశాను. అది నాది కాని మాట. నాకు తిరిగిచ్చెయ్యండి అన్నయ్యగారూ, ఇంటికి పట్టుకెళ్ళిపోతాను.”

 పెదనాన్నగారు కత్తి తీసుకుని మంచి గెల ఒకటి చూసి కోసి, ఆవిడ ముందు పెట్టారట.

“మీ మాట మీకు తిరిగిచ్చేశాను చెల్లెమ్మా, తీసుకెళ్ళండి. పిల్లని మాత్రం మాకివ్వండి,” అన్నారట.